విగిలియా (క్రిస్మస్ ముందు రాత్రి) విందుకి పిలిచారు: పోలిష్ ఇంట్లో ఎలా మెలగాలి?

కాకినాడ_పిల్ల | డిసెంబర్ 9

అందరికీ నమస్కారం. వ్రొత్స్వాఫ్‌లో ఉద్యోగానికి వచ్చి తొమ్మిది నెలలైంది. ఆఫీసు, రూము, వారానికోసారి సూపర్ మార్కెట్, ఇదే ఇప్పటిదాకా నేను చూసిన పోలాండ్. మొన్న మా టీమ్‌లో అమ్మాయి, "24న ఒక్కదానివే రూములో కూర్చుంటావా? మా అమ్మ ఒప్పుకోదు, మా ఊరు రావాల్సిందే" అంది. ఒలెష్నిత్సా దగ్గర పల్లె వాళ్ళది. ఇంట్లో అమ్మా నాన్నా, అన్నయ్య కుటుంబం, ఎనభై దాటిన బామ్మగారు ఉంటారట.

వెళ్ళాలని చాలా ఉంది, టెన్షన్ కూడా అంతే ఉంది. నేను శాకాహారిని, గుడ్డు వరకు ఫర్వాలేదు. చేతిలో ఏం పట్టుకెళ్ళాలి? చీర కట్టుకోవచ్చా? అది పూజ లాంటిదా, మామూలు భోజనమా? నెట్‌లో వెతికితే చూడాల్సిన ప్రదేశాల గురించి బోలెడు దొరికింది గానీ, ఇళ్ళల్లో మనుషులు ఎలా ఉంటారో చెప్పేది కనబడలేదు. ఏళ్ళ తరబడి ఇక్కడ ఉన్నవాళ్ళు కాస్త వివరంగా చెప్పరూ.

వార్సా_వెంకట్ | డిసెంబర్ 9

అమ్మా, తప్పకుండా వెళ్ళు. ఇక్కడ క్రిస్మస్‌కి అసలు ప్రాణం 24 సాయంత్రమే. ఆ రాత్రి భోజనాన్నే విగిలియా అంటారు. ఇన్నాళ్ళూ ఆ రోజు సగం పూట ఆఫీసులు ఉండేవి. 2025 నుంచి పూర్తి సెలవు చేశారు.

జరిగే క్రమం చెబుతాను. పగలంతా పెద్దగా ఏమీ తినరు. అట్లతద్ది నాడు చంద్రుడి కోసం ఎదురు చూసినట్టు, ఆకాశంలో మొదటి చుక్క పొడిచేదాకా ఆగుతారు. చుక్కని కనిపెట్టే పని పిల్లలది. ఈ కాలంలో నాలుగింటికల్లా చీకటి పడిపోతుంది కాబట్టి మరీ ఆకలితో మాడాల్సిన అవసరం రాదు. బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచి, దాని కింద గుప్పెడు ఎండుగడ్డి పెడతారు. ఏసు పశువుల తొట్టిలో పుట్టాడు కదా, అందుకు గుర్తు. కొన్ని ఇళ్ళల్లో ఆ గడ్డి పరకలు తలా ఒకటి లాగి, పొడుగుది వస్తే దీర్ఘాయువు అనుకుంటారు.

భోజనానికి ముందు ఒప్వాతెక్ పంచుకుంటారు. పిండీ నీళ్ళతో కాల్చిన, కాగితమంత పల్చటి తెల్ల రేకు అది. మీద ఏసు పుట్టుక బొమ్మ అచ్చు వేసి ఉంటుంది. ప్రతి ఒక్కరి చేతిలో ఒకటి ఉంటుంది. ఎదుటివాళ్ళ రేకులోంచి నువ్వు చిన్న ముక్క తుంచుకోవాలి, నీ దాంట్లోంచి వాళ్ళు తుంచుకుంటారు, ఒకరికొకరు మంచి కోరుకుంటారు. ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందితోనూ విడివిడిగా. ఏడాదంతా మాట్లాడుకోని అన్నదమ్ములు కూడా ఆ నిమిషంలో ఎదురెదురుగా నిలబడక తప్పదు. నేను పద్నాలుగేళ్ళుగా చూస్తున్నాను, ప్రతిసారీ ఎవరో ఒకరి కళ్ళు తడుస్తాయి. పల్లెల్లో పశువులకి కూడా రంగు ఒప్వాతెక్ పెట్టే అలవాటు ఉండేది. ఆ అర్ధరాత్రి పశువులకి మాట వస్తుందని నమ్మకం.

బల్ల దగ్గర ఒక కుర్చీ, ఒక కంచం ఖాళీగా కనిపిస్తాయి. అవి నీకనుకుని కూర్చోకు. పిలిచిన అతిథికి వేరే చోటు ఉంటుంది.

క్రాకోవ్_కోడలు | డిసెంబర్ 10

వెంకట్ అన్నయ్య చెప్పినదాని మీద వంటింటి సంగతులు నేను చేరుస్తాను. నాకు ఇక్కడ పెళ్ళై పదకొండేళ్ళు.

తిండి గురించి నిశ్చింతగా ఉండు. విగిలియా భోజనంలో మాంసం ఉండదు, చేపే ఉంటుంది. పన్నెండు వంటకాలు చేస్తారు, పన్నెండు మంది శిష్యుల లెక్క. అన్నీ కనీసం రుచి చూడాలంటారు. చేపలు తీసేసినా నీకు ఏడెనిమిది మిగులుతాయి: బీట్‌రూట్ చారు (బార్ష్చ్), పుట్టగొడుగుల ఊష్కా, క్యాబేజీ పియెరోగి (కజ్జికాయల్లా మడిచి ఉడికించేవి), బఠానీ వేసిన పుల్లటి క్యాబేజీ, గసగసాల రోల్ కేకు, ఎండు పళ్ళు మరిగించిన కంపోట్. చారు చేప నీళ్ళతో గానీ కాచారేమో ముందే అడుగు, తప్పేం కాదు.

ఆ బార్ష్చ్ గురించి చెప్పకుండా ఉండలేను. మా అత్తగారు డిసెంబర్ మధ్యలోనే బీట్‌రూట్ ముక్కలు, వెల్లుల్లి, బిర్యానీ ఆకు, ఉప్పు నీళ్ళు పెద్ద గాజు జాడీలో పోసి పొయ్యి గట్టు పక్కన పెడతారు. అయిదారు రోజులకి బుడగలొచ్చి, ముక్కుకి పుల్లటి వాసన కొడుతుంది. మొదటిసారి మూత తీసినప్పుడు నాకు మా అమ్మమ్మ తరవాణి కుండే గుర్తొచ్చింది. ఆ పులుపు నీళ్ళే చారుకి ప్రాణం, పైన ఎర్రటి మెరుపు. అందులో వేసే ఊష్కా అంటే "చిన్న చెవులు". రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్ద పిండి బిళ్ళలో నానబెట్టి తరిగిన ఎండు పుట్టగొడుగులూ వేయించిన ఉల్లిపాయా పెట్టి, సగానికి మడిచి, చిటికెన వేలికి చుట్టి రెండు కొసలూ నొక్కేస్తారు. 23న రాత్రి మేం ముగ్గురు ఆడవాళ్ళం కూర్చుని నూట యాభై దాకా చేస్తాం. ఆ పుట్టగొడుగులు కూడా కొన్నవి కావు, సెప్టెంబర్‌లో మామగారు అడవిలో ఏరుకొచ్చి దారానికి గుచ్చి ఎండబెట్టినవి. ఆయన ఏరే చోటు ఏదో ఇప్పటికీ పక్కింటివాళ్ళకి చెప్పలేదు.

ఇక మర్యాదలు. గుమ్మానికి అటూ ఇటూ నిలబడి చేయి కలపకూడదు, అశుభం అంటారు. లోపలికి వెళ్ళాకే పలకరింపు. చాలా ఇళ్ళల్లో బూట్లు విప్పేస్తారు, ఇంట్లో తొడుక్కోవడానికి చెప్పులు ఇస్తారు. పూలు తీసుకెళ్తే బేసి సంఖ్యలోనే ఉండాలి, సరి సంఖ్య చావుకి. చీర చక్కగా కట్టుకో, లోపల మాత్రం థర్మల్స్ వేసుకో. నీ ఊరి కాజాలు దొరికితే పట్టుకెళ్ళు, అంతకంటే మంచి కానుక లేదు. మద్యం బాటిల్ వద్దు, ఆ రాత్రి చాలా ఇళ్ళల్లో ముట్టుకోరు.

పోజ్నాన్_విద్యార్థి | డిసెంబర్ 10

అక్కా, నాలుగు మాటలు నేర్చుకుని వెళ్ళు. నమస్కారానికి "జెన్ దోబ్రి", థాంక్స్‌కి "జెంకుయె", పండగ శుభాకాంక్షలకి "వెసోవిఖ్ ష్వియోంత్". పెద్దవాళ్ళని "నువ్వు" అనకూడదు. మగవాళ్ళయితే "పాన్", ఆడవాళ్ళయితే "పాని" అని చేర్చి, ఎదురుగా ఉన్నా మూడో మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడతారు. "అమ్మగారు టీ తాగుతారా?" అన్నట్టు.

కానుకలు తెచ్చేది ఎవరో కూడా ఊరిని బట్టి మారుతుంది. మా పోజ్నాన్‌లో గ్వియాజ్దోర్ అని నక్షత్రం తాతయ్య తెస్తాడు, క్రాకోవ్ వైపు బుల్లి దేవదూత. పిల్లలుంటే అడిగి చూడు, గట్టిగా వాదిస్తారు.

నల్గొండ_మాష్టారు | డిసెంబర్ 11

నేను పోలాండ్ చూసినవాణ్ణి కాదు, మా అబ్బాయి అక్కడ చదువుకుంటున్నాడు. వాడి పుణ్యమా అని కొంచెం పోలిష్ వ్యాకరణం చదివాను. వాళ్ళకి ఏడు విభక్తులు. మన లెక్కలో పంచమి తీసేసి సంబోధన కలిపితే సరిగ్గా అవే వస్తాయి. సంబోధన ఇంకా బతికే ఉండటం నాకు ముచ్చటేసింది. మనం "అమ్మమ్మ"ని పిలిచేటప్పుడు "అమ్మమ్మా" అన్నట్టు, వాళ్ళు "బాబ్చా"ని "బాబ్చు" అని పిలుస్తారు. బామ్మగారిని అలా పిలిచి చూడు తల్లీ.

పుట్టినరోజుకి పాడే "స్తో లాత్" అంటే "నూరేళ్ళు" అని అర్థమట. మనం శతమానం భవతి అంటాం కదా.

ఒక సందేహం. ఆ ఖాళీ కంచం ఎందుకు పెడతారు? మా వాడిని అడిగితే అనుకోని అతిథి కోసం అన్నాడు. అంతేనా?

వార్సా_వెంకట్ | డిసెంబర్ 11

మాష్టారూ, మీ అబ్బాయి చెప్పింది నిజమే. "గోష్చ్ వ్ దోం, బూగ్ వ్ దోం" అని వాళ్ళ సామెత, ఇంటికి అతిథి వస్తే దేవుడొచ్చినట్టే అని. కానీ నలుగురిని అడిగితే నాలుగు జవాబులు వస్తాయి. కొందరు పోయిన పెద్దల కోసం అంటారు. కొందరు రాలేకపోయిన ఇంటివాళ్ళ కోసం అంటారు. ఆ మూడో జవాబు బరువు తెలియాలంటే వాళ్ళ చరిత్ర కొంచెం తెలియాలి.

1772, 1793, 1795లో మూడు విడతలుగా రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా ఈ దేశాన్ని పంచేసుకున్నాయి. 1918 దాకా, అంటే 123 ఏళ్ళు, ప్రపంచ పటంలో పోలాండ్ లేదు. తిరుగుబాట్లు చేసినవాళ్ళని సైబీరియాకి పంపారు. మళ్ళీ 1940, 41లో సోవియట్ ప్రభుత్వం తూర్పు ప్రాంతాల నుంచి లక్షల మందిని రైళ్ళకెక్కించి తీసుకుపోయింది. తిరిగి వస్తారో రారో తెలియని మనిషి లేని ఇల్లు తక్కువ. ఆ కంచానికి అర్థం అక్కడ మారింది.

భాష కూడా అలాగే ఇళ్ళల్లో దాచుకున్నారు. 1901లో వ్జెష్న్యా అనే ఊరి బడిలో, జర్మన్‌లో ప్రార్థన చెప్పమంటే చెప్పం అన్నందుకు పిల్లల్ని బెత్తాలతో కొట్టారు. మేరీ క్యూరీ అని మనం పిలిచే మరియా స్క్వొదోవ్స్కా వార్సాలో అమ్మాయిగా ఉన్నప్పుడు రహస్యంగా నడిచే చదువుల్లో చేరింది. 1898లో ఆమె తన భర్తతో కలిసి కనుక్కున్న మూలకానికి పొలోనియం అని పేరు పెట్టింది. అప్పటికి ఆ పేరుతో దేశం లేదు. ఆ దేశం పేరు ఒక మూలకానికి ఉంది.

చనిపోయినవాళ్ళని తలుచుకోవడం వీళ్ళకి ఎంత ముఖ్యమో చూడాలంటే నవంబర్ 1న శ్మశానానికి వెళ్ళాలి. నేను ఏటా వార్సాలో పొవోంజ్కి శ్మశానానికి వెళ్తాను. వారం ముందు నుంచే సమాధులు కడిగి, ఆకులు ఊడ్చి, చామంతులు పెడతారు. ఆ సాయంత్రం రంగు గాజు బుడ్డీల్లో దీపాలు. నడిచే దారి పొడవునా ఎరుపు, పసుపు వెలుగు, మైనం వాసన, ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఎవరూ రాని పాత సమాధి కనిపిస్తే అపరిచితులే ఒక దీపం పెట్టి వెళ్తారు. ఓ పెద్దాయన నా చేతికి కూడా ఒకటి ఇచ్చి, ఒక సిపాయి సమాధి చూపించారు. పోయిన మా నాన్నగారిని తలుచుకుంటూ పెట్టాను.

గ్దాన్స్క్_సురేష్ | డిసెంబర్ 12

అందరూ బాగా రాస్తున్నారు, కానీ ఒక విషయం ఒప్పుకోలేకపోతున్నాను. తరవాణి, శతమానం భవతి అంటూ ప్రతిదీ "అచ్చం మనలాగే" అనేస్తే, వాళ్ళది వాళ్ళదిగా చూడం. విగిలియా క్యాథలిక్ పండగ. ఉపవాస భోజనం అది, అర్ధరాత్రి పూజకి ముందు తినేది. మన పండగ భోజనంతో సమానం చేస్తే ఆ సంగతే పోతుంది. పైగా నాతో ఉండే ఇద్దరు కుర్రాళ్ళు చర్చి ముఖం చూసి ఏళ్ళయింది. అందరూ ఒకేలా ఆచరిస్తారనుకుని వెళ్తే ఆ అమ్మాయికి ఇబ్బంది.

క్రాకోవ్_కోడలు | డిసెంబర్ 12

సురేష్ గారూ, మీ మాట న్యాయమే. పోలికతో లోపలికి వెళ్తాం, అక్కడే ఆగిపోకూడదు. నాకు అర్థం కావడానికి ఏళ్ళు పట్టిన తేడాలు ఉన్నాయి. వీధిలో, లిఫ్టులో తెలియనివాళ్ళని చూసి నవ్వరు. మొదటి ఏడాది మా అపార్ట్‌మెంట్‌లో అందరికీ నేనంటే కోపం అనుకున్నాను. "ఎలా ఉన్నారు?" అని అడిగితే నిజంగానే చెబుతారు, మోకాలి నొప్పి నుంచి మొదలుపెట్టి. నచ్చకపోతే నచ్చలేదని ముఖం మీదే అంటారు. అదే మనిషి తన గుమ్మం దాటనిచ్చాక తన కంచంలోది నీకు పెడతాడు.

చర్చికి వెళ్ళని కుర్రవాళ్ళు పెరుగుతున్నారు, నిజమే. మా ఆయన చెల్లెలు కూడా వెళ్ళదు. కానీ ఒప్వాతెక్ పంచుకోకుండా, ఖాళీ కంచం పెట్టకుండా ఆమె కూడా బల్ల దగ్గర కూర్చోదు.

పుణె_తెలుగాయన | డిసెంబర్ 13

ఇది మన దేశానికి సంబంధించిన నిజమైన బంధం కాబట్టి రాస్తున్నాను. వెంకట్ గారు చెప్పిన ఆ రైళ్ళల్లో పోయినవాళ్ళల్లో కొందరు బయటపడి మన దేశం చేరారు. 1942లో నవానగర్ మహారాజా జాం సాహెబ్ దిగ్విజయ్ సింగ్ గుజరాత్‌లో బాలాచడి దగ్గర వందల మంది పోలిష్ అనాథ పిల్లలకి ఆశ్రయమిచ్చారు. మాకు దగ్గర్లోని కొల్హాపూర్ పక్కన వలివడేలో సుమారు 5,000 మంది పోలిష్ శరణార్థులు యుద్ధం అయ్యేదాకా, ఆ తర్వాత కూడా కొంతకాలం ఉన్నారు. బడి, చర్చి, అన్నీ పెట్టుకున్నారు. వార్సాలో "మంచి మహారాజా" పేరుతో ఒక చిన్న పార్కు ఉంది. భారతీయులమని చెబితే ఆ ఇంటి పెద్దవాళ్ళు ఈ సంగతి ఎత్తవచ్చు, తెలుసుకుని ఉండటం మంచిది.

పోజ్నాన్_విద్యార్థి | డిసెంబర్ 13

విగిలియా ఒక్కటే కాదు, ఏడాది పొడవునా ఏదో ఒకటి ఉంటుంది. ఫిబ్రవరి ప్రాంతంలో ఈస్టర్ ఉపవాసాలకి ముందు వచ్చే గురువారం ఊరంతా పొంచ్కి తింటుంది, లోపల గులాబీ జామ్ పెట్టి నూనెలో వేయించిన గుండ్రటి బన్ అది. పొద్దున్నే బేకరీ ముందు క్యూ వీధి మలుపు దాకా ఉంటుంది. మార్చి 21కి గడ్డితో మార్జన్నా అనే చలికాలపు బొమ్మ చేసి పిల్లలు ఏట్లో పడేస్తారు. ఈస్టర్ ముందు శనివారం గుడ్లు, రొట్టె, ఉప్పు, సాసేజ్ బుట్టలో సర్ది చర్చికి తీసుకెళ్ళి దీవెన పొందుతారు. సోమవారం మాత్రం జాగ్రత్త, ఆ రోజు నీళ్ళు చల్లుకునే పండగ. నా మీద రెండో అంతస్తు నుంచి బకెట్టు నీళ్ళు పడ్డాయి, కింద నిలబడ్డ బామ్మ "ఇక ఏడాదంతా ఆరోగ్యంగా ఉంటావు" అని తువ్వాలు ఇచ్చింది. నవంబర్ 11న, స్వాతంత్ర్య దినం నాడే వచ్చే సెయింట్ మార్టిన్ పండక్కి మా ఊళ్ళో తెల్ల గసగసాలు కూరిన రొగాలె అనే నెలవంక రొట్టెలు తింటాం.

కాకినాడ_పిల్ల | డిసెంబర్ 26

అందరికీ చేతులెత్తి దండం. వెళ్ళొచ్చాను. రాయకపోతే మర్చిపోతానని భయమేసి ఈ పూటే కూర్చున్నాను.

మధ్యాహ్నం మూడున్నరకి చేరాం. గుమ్మం లోపలికి వెళ్ళేదాకా నా చేయి జేబులోనే ఉంచుకున్నాను. కనకాంబరం రంగు పట్టుచీర కట్టుకున్నాను. బామ్మగారు పలకరించకముందే పమిట అంచు వేళ్ళతో పట్టుకుని, జరీ లైటు వైపు తిప్పి చూశారు. ఆవిడ కుట్టుపని చేసేవారట. మాష్టారూ, "బాబ్చు" అని పిలిచాను. ఆవిడ మనవరాలి వైపు తిరిగి ఏదో అన్నారు, "నువ్వు నేర్పావా?" అని. కాదు, నల్గొండలో ఒక మాష్టారు నేర్పారు అని చెప్పించాను.

ఆ రోజు మబ్బు పట్టింది. ఆరేళ్ళ పాప కిటికీ దగ్గర నుంచి కదలకుండా చూసి, చివరికి చర్చి పైన వెలిగిన దీపాన్ని చూపించి చుక్క అంది. అందరూ ఒప్పుకున్నారు.

ఒప్వాతెక్ దగ్గర సురేష్ గారి మాట అర్థమైంది. బామ్మగారు నా ముందుకు రాగానే నేను అలవాటుగా కాళ్ళకి దండం పెట్టబోయాను. ఆవిడ కంగారుపడి రెండు చేతులూ పట్టుకుని లేపారు. పెద్దవాళ్ళు దీవిస్తారు, మనం తీసుకుంటాం, నాకు తెలిసింది అదే. ఇక్కడ నేను కూడా ఆవిడకి ఏదో కోరాలి. తన రేకు నా ముందు పట్టుకుని ఎదురు చూస్తున్నారు. నోట్లో తెలుగే వచ్చింది, "నూరేళ్ళు చల్లగా ఉండండి" అన్నాను. ఎనభై దాటిన మనిషిని నేను దీవించడం ఏమిటని గొంతు వణికింది. మా ఫ్రెండ్ "స్తో లాత్" అని చెప్పింది. ఆవిడ నా రేకులోంచి తుంచుకున్న ముక్క నోట్లో వేసుకుని, కరిగేదాకా నా చేయి వదల్లేదు.

బార్ష్చ్ మూడుసార్లు పోయించుకున్నాను. పియెరోగి లెక్క మర్చిపోయాను. కార్ప్ చేప పొలుసులు కడిగి తలా ఒకటి ఇచ్చారు, పర్సులో పెట్టుకుంటే ఏడాదంతా డబ్బు నిలుస్తుందట, నాదీ ఉంది. ఆ రోజు ఎలా గడిస్తే ఏడాదంతా అలాగే గడుస్తుందట, అందుకే పిల్లల్ని కూడా ఎవరూ గదమాయించలేదు.

ఖాళీ కంచం బామ్మగారి పక్కనే పెట్టారు. ఫ్రెండ్ తర్వాత చెప్పింది. వాళ్ళది అసలు ఈ ప్రాంతం కాదట. ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్న ల్వూఫ్ దగ్గరి పల్లె. యుద్ధం అయ్యాక సరిహద్దులు మారితే, 1945లో బామ్మగారు రెండేళ్ళ పిల్లగా ఆవు, కుట్టు మిషన్, ఒక పెట్టెతో పాటు గూడ్సు బండిలో ఇక్కడికి వచ్చారు. అప్పటిదాకా వ్రొత్స్వాఫ్ జర్మన్ ఊరట, బ్రెస్లౌ అనేవారట. అక్కడి జర్మన్లని పంపేసి, వీళ్ళని ఆ ఇళ్ళల్లో దించారు. ఆవిడ నాన్నగారు యుద్ధం నుంచి రాలేదు. వాళ్ళమ్మ బతికినన్నాళ్ళూ ఆ కంచం పెట్టింది, ఆ తర్వాత ఈవిడ. భోజనాలయ్యాక గిన్నెలన్నీ మెషిన్‌లో వేశారు. ఎవరూ తినని ఆ కంచం మాత్రం బామ్మగారే సింక్‌లో కడిగి, గుడ్డతో తుడిచి, అలమరలో పెట్టారు.

ఆఖరున కుత్యా అని ఒకటి పెట్టారు. తూర్పు నుంచి వచ్చిన కుటుంబాలే చేస్తారట. గోధుమలు, గసగసాలు, తేనె. మొదటి చెంచాకే మా అమ్మ చేసే గసగసాల పాయసం నాలుక మీదికి వచ్చింది. సురేష్ గారు ఏమనుకున్నా సరే, ఇది మాత్రం చెప్పక తప్పదు. కాజాల డబ్బా ఖాళీ చేసి, అదే డబ్బాలో కుత్యా నింపి పంపారు. సంక్రాంతికి ఇంటికి వస్తున్నాను, అమ్మకి చేసి పెట్టాలి. కొలతలు ఎవరికైనా తెలుసా?

గ్దాన్స్క్_సురేష్ | డిసెంబర్ 26

ఏమీ అనుకోనమ్మా. ఆ కంచం గురించి రాసింది రెండుసార్లు చదివాను.

క్రాకోవ్_కోడలు | డిసెంబర్ 27

మా తోడికోడలి వాళ్ళది తూర్పు కుటుంబమే, ఆమె దగ్గర రాసుకున్నది ఇది. పొట్టు తీసిన గోధుమలు ఒక గ్లాసు, రాత్రంతా నానబెట్టి మెత్తగా ఉడికించు, కానీ గింజ చితకకూడదు. గసగసాలు ఒక గ్లాసు. ఇక్కడ నల్లగా ఉంటాయి, కాకినాడలో తెల్లవే దొరుకుతాయి, ఫర్వాలేదు. మరిగే పాలు పోసి రెండు గంటలు వదిలేసి, నీళ్ళు కలపకుండా రోట్లోనో మిక్సీలోనో రెండు మూడుసార్లు రుబ్బు, లేకపోతే పలుకులుగా తగులుతాయి. అర గ్లాసు తేనె, గుప్పెడు కిస్‌మిస్, అక్రోట్, బాదం. తేనె మాత్రం పొయ్యి దించి గోరువెచ్చగా అయ్యాకే కలుపు. ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు పెట్టు, అప్పటికి గింజ తేనె పీల్చుకుని ఉంటుంది.